డీటీపీ సెంటర్ పాత ఫైళ్లు లినక్స్‌లో ఆర్కైవ్ చేసిన పద్ధతి: నా అనుభవం

విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో ఒక డీటీపీ సెంటర్‌కి చేసిన పని ఇది. ఉబుంటు నడిచే మామూలు డెస్క్‌టాప్ మెషీనే వాళ్ల సర్వర్. లోపల 1 టీబీ డిస్క్, అది 96 శాతం నిండిపోయింది. 2003 నుంచి చేసిన శుభలేఖలు, కరపత్రాలు, గుడి ఉత్సవాల ఆహ్వానాలు, బిల్లు పుస్తకాలు, స్కాన్ చేసిన ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. డిజైనింగ్ విండోస్ మెషీన్ల మీద జరుగుతుంది, లినక్స్ ఫోల్డర్లని విండోస్‌కి చూపించే సాంబా ద్వారా ఫైళ్లు సర్వర్‌కి చేరతాయి. పాతవి తీసి భద్రంగా పక్కన పెట్టాలి, ఎవరైనా పాత కార్డు అడిగితే పావుగంటలో దొరకాలి. పనంతా టెర్మినల్ నుంచే చేశాం. ఇక్కడ కమాండ్లను నోటితో చెప్పుకునే తీరులోనే రాస్తున్నాను. కొట్టేటప్పుడు మామూలుగా ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి.

మనుషులు కూర్చుని చేసిన పనికి నాలుగు సాయంత్రాలు పట్టింది. అందులో ఫైళ్లన్నిటినీ ఒకే ఫైల్‌గా మూటకట్టే టార్ కమాండ్‌కి పోయింది ఒక్క రాత్రే, అదీ మెషీన్ తనంతట తాను చేసుకున్నది. మిగతా సమయమంతా జాబితా తయారీకి, సరిచూడడానికి పోయింది. సమయం అక్కడే పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ముందు డిస్క్ పరిస్థితి చూడాలి. ఆర్కైవ్ చేయడమంటే డిస్క్‌లో మూలమూలలా ఉన్నదంతా ఒకేసారి చదవడం, చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ని ఆ శ్రమే చంపేస్తుంది. డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్‌లో మూడు వరసలు చూస్తాను: 5, 197, 199. ఐదో నంబరు పాడై పక్కకి తప్పించిన సెక్టార్ల లెక్క. 197 చదవలేక అనుమానంలో ఉంచిన సెక్టార్ల లెక్క. ఈ 197 సున్నా కాకపోతే టార్ జోలికి వెళ్లకుండా ముందు డీడీరెస్క్యూతో డిస్క్ మొత్తాన్ని ఇంకో డిస్క్ మీదకి ఎత్తాలి. ఇక్కడ ఆ రెండూ సున్నాలే. 199 మాత్రం మొదట చూసినప్పుడు 212, అరగంట కాపీ తర్వాత 231. అది సాధారణంగా డిస్క్ జబ్బు కాదు, కేబుల్‌దో కనెక్టర్‌దో. సముద్రపు గాలికి కనెక్టర్ల మీద మసక పట్టే ఊరు కాబట్టి ముందు అక్కడే చూడాలి. మెషీన్ ఆపి, కాంటాక్టులు తుడిచి, కొత్త సాటా కేబుల్ వేశాం. ఆ అంకె మళ్లీ సున్నాకి రాదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే గుర్తు. 231 దగ్గరే ఆగింది.

ఇక ఏది పాతది, ఏది కాదు అన్న ప్రశ్న. ఫైళ్లు వెతికే ఫైండ్ కమాండ్‌కి ఎమ్‌టైమ్ +730, అంటే మారి రెండేళ్లు దాటినవి అని ఇచ్చి, వచ్చినవన్నీ తీసేయాలనిపిస్తుంది. డీటీపీ ఫైళ్ల దగ్గర అలా చేస్తే నడుస్తున్న పనులు చెడతాయి. పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్ ఫైల్‌లో చాలా బొమ్మలు లోపల ఉండవు, బయట ఉన్న టిఫ్ ఫైల్‌కి లింక్ మాత్రమే ఉంటుంది. 2009లో స్కాన్ చేసిన ఒక షాపు లోగో ఈ నెల వేస్తున్న బిల్లు పుస్తకంలో ఉండొచ్చు. లోగోని తేదీ చూసి తీసేస్తే, రేపు పొద్దున ఆపరేటర్ ఫైల్ తెరవగానే లింక్ దొరకడం లేదని వస్తుంది. అందుకే ఒక్కో ఫైల్ తేదీ చూడకుండా జాబ్ ఫోల్డర్‌ని ఒక యూనిట్‌గా తీసుకున్నాం. ఫోల్డర్‌లో 2023 ఏప్రిల్ 1 తర్వాత మారిన ఫైల్ ఒక్కటున్నా ఆ ఫోల్డర్ మొత్తం బతికున్నట్టే. ఫైండ్‌లో న్యూవర్‌ఎమ్‌టి అనే షరతుకి ఆ తేదీ ఇచ్చి, చివర ప్రింట్, క్విట్ పెడితే మొదటిది దొరకగానే ఆగిపోతుంది. ఏమీ అచ్చు కాకపోతే ఆ ఫోల్డర్ పాతది. ప్రతి జాబ్ ఫోల్డర్ మీదా ఇదే లూప్ తిప్పాం. అందరూ వాడుకునే లోగోల ఫోల్డర్, దేవుళ్ల బొమ్మల ఫోల్డర్ రెండింటినీ అసలు లెక్కలోకే తీసుకోలేదు.

తేదీల్లో ఇంకో చిక్కుంది. 2016లో పాత మెషీన్ నుంచి దీనికి మార్చినప్పుడు ఎవరో కాపీ చేసే సీపీ కమాండ్‌ని ఉత్తగా వాడారు. హైఫన్ పి గానీ హైఫన్ ఎ గానీ లేకుండా సీపీ వాడితే కాపీ చేసిన రోజే ఫైల్ తేదీ అయిపోతుంది. దాంతో 2003 ఫైళ్లకి కూడా 2016 తేదీలే. గడువు 2023 కాబట్టి పాతదా కాదా అన్న తీర్పు మారలేదు. కానీ సంవత్సరాల వారీగా విడదీయడానికి తేదీ పనికిరాలేదు. ఫోల్డర్ల పేర్లలో ఆర్థిక సంవత్సరం ఉండబట్టి సరిపోయింది. ఇంకో నలభై ఫైళ్లకి 1970 జనవరి 1, ఉదయం 5:30 అని ఉంది. ఆ సమయం కనబడితే అది ఫైల్ తేదీ కాదు, సున్నా. లినక్స్ లెక్క గ్రీనిచ్ సమయంలో 1970 తొలి క్షణం నుంచి మొదలవుతుంది, మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. భవిష్యత్తు తేదీ ఉన్న ఫైళ్లనీ ఒకసారి వెతకాలి. గడియారం తప్పుగా ఉన్న కెమెరా నుంచి వచ్చిన ఒక్క ఫొటో చాలు, ఆ ఫోల్డర్ ఎన్నేళ్లయినా కొత్తదిగానే కనిపిస్తుంది. చివరిసారి ఎప్పుడు తెరిచారో చెప్పే ఏటైమ్‌ని నేను పట్టించుకోను. రోజూ నడిచే బ్యాకప్ ఫైళ్లని చదువుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని బట్టి ఏదీ తేల్చలేం.

తర్వాత ఫైళ్ల పేర్లు. ఎక్కువ సమయం తిన్నది ఇదే, తెలుగులో పేర్లు పెట్టుకునే వాళ్లందరికీ ఉపయోగపడేదీ ఇదే. కంప్యూటర్‌కి తెలుగు పేరు అక్షరాలుగా కనబడదు, బైట్లుగా కనబడుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. విశాఖపట్నం అంటే మన కంటికి ఐదు అక్షరాలు. గుణింతాలు, పొల్లు, సున్నా విడివిడిగా లెక్కేస్తే పది గుర్తులు, అంటే 30 బైట్లు. శ్రీ ఒక్కటే 12 బైట్లు. లినక్స్ డిస్క్‌లకి వాడే ఎక్స్‌ట్4 పద్ధతిలో ఫైల్ పేరుకి పరిమితి 255 బైట్లు, అంటే తెలుగులో 85 గుర్తులు. విండోస్ డ్రైవ్ మీద ఈ హద్దు 255 గుర్తుల దాకా ఉంటుంది. అందుకే పెన్‌డ్రైవ్‌లో చక్కగా ఉన్న ‘శ్రీ శ్రీ శ్రీ’ అని మొదలై ఊరు, తిథి, వారం అన్నీ ఉన్న ఆహ్వానం ఫైల్ లినక్స్ మీదకి రాదు, పేరు మరీ పొడవుగా ఉందని ఆగిపోతుంది. అలా బయటే ఆగిపోయినవి పదకొండు దొరికాయి. పాత పేరు, కొత్త పేరు రెండూ ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసిపెట్టి, చేత్తోనే కుదించాం.

కంటికి కనబడని తేడా ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఆపరేటర్ కుర్రాడు, ‘‘అన్నయ్యా, ఫైల్ ఎదురుగానే ఉంది, వెతికితే రావట్లేదేటి?’’ అని అడిగాడు. ఫైల్ పేరు ఫ్లెక్స్ అన్న మాటతో మొదలై, ఖాళీ, తర్వాత 12 అనే అంకె. అతను కొట్టిందీ అక్షరాలా అదే. ఆ పేరుని బైట్లు విడివిడిగా చూపించే ఓడీ హైఫన్ సి గుండా పంపితే, ఫ్లెక్స్ చివరి పొల్లు తర్వాత ఖాళీకి ముందు 342 200 214 అని మూడు అంకెలు కనబడ్డాయి. తెలుగు గుర్తులన్నీ ఆ పద్ధతిలో 340 260 అనో 340 261 అనో మొదలవుతాయి. 342 అంటే తెలుగు కాదు. అది అక్షరాలు కలిసిపోకుండా విడదీసే కనబడని గుర్తు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత దాన్ని వాటంతటవే పెడతాయి, కొన్ని పెట్టవు. మాట చివర ఉంటే తెర మీద ఏ తేడా తెలియదు, మాటలు వెతికే గ్రెప్ మాత్రం వేరే పేరంటుంది. ఫైళ్ల పేర్లు మార్చలేదు, లింకులు తెగుతాయి. వెతకడానికి వాడే సూచికలో ఒక కాపీ తీసి, సెడ్‌తో ఆ మూడు బైట్లూ ఊడ్చేశాం.

పేర్లలో ఖాళీలు, కొటేషన్లు, అక్కడక్కడ ఎంటర్ కూడా ఉంటాయి. కాబట్టి జాబితాలో పేర్ల మధ్య హద్దుగా ఎంటర్ పనికిరాదు. ఫైండ్‌కి టైప్ ఎఫ్, ప్రింట్0 ఇస్తే పేర్ల మధ్య నల్ బైట్ పెడుతుంది, ఫైల్ పేరులో ఉండలేని బైట్ అది. మొత్తం ఎన్నో తెలియాలన్నా వరసలు లెక్కపెట్టకూడదు, నల్ బైట్లే లెక్కపెట్టాలి. అలా తేలింది 1,48,306 ఫైళ్లు, 610 జీబీ. థంబ్స్ డీబీ, డెస్క్‌టాప్ ఐఎన్ఐ లాంటి చెత్త ఈ దశలోనే తీసేశాం. ఇంకొకటి, ఫైండ్‌ని ఆ సంవత్సరం ఫోల్డర్ లోపలికి వెళ్లి చుక్క నుంచే నడపాలి. పూర్తి దారితో జాబితా చేస్తే రేపు వేరే మెషీన్ మీద సరిచూసేటప్పుడు పేర్లు కలవవు.

టార్ నడిపే ముందు అదే జాబితా మీద షా256సమ్ నడిపి ప్రతి ఫైల్‌కీ వేలిముద్ర తీసుకున్నాం. దీనికి జాబితాలోని పేర్లని కమాండ్‌కి అందించే ఎక్స్‌ఆర్గ్స్ హైఫన్ సున్నా వాడొచ్చు. అదే ఎక్స్‌ఆర్గ్స్‌ని టార్‌కి మాత్రం తగిలించకూడదు. పేర్లు ఎక్కువైతే ఎక్స్‌ఆర్గ్స్ వాటిని ముక్కలు చేసి కమాండ్‌ని పదేపదే పిలుస్తుంది. షా256సమ్ ఎన్నిసార్లు నడిచినా ఫలితం వరసగా చేరుతుంది. టార్‌కి సి, అంటే కొత్త ఆర్కైవ్ చేయమని, ఇస్తే మాత్రం ప్రతిసారీ ఆర్కైవ్ మళ్లీ కొత్తగా మొదలవుతుంది, చివరి విడత ఫైళ్లే మిగులుతాయి. ఎర్రర్ ఏమీ రాదు, చూడ్డానికి ఆర్కైవ్ బాగానే ఉంటుంది. వంద ఫైళ్లతో పరీక్షిస్తే ఈ తప్పు బయటపడదు, వేలల్లోకి వెళ్తేనే పడుతుంది. ఈ పద్ధతిలో ఆర్కైవ్ చేసి, అసలు ఫైళ్లు చెరిపేసిన వాళ్లున్నారు. సరైన దారి టార్‌కే జాబితా ఇవ్వడం. ముందు నల్ అనే ఆప్షన్, దాని తర్వాతే క్యాపిటల్ టి, పక్కన జాబితా ఫైల్ పేరు. ఈ వరస తప్పితే టార్ జాబితాని నల్ పద్ధతిలో చదవదు.

సి, ఎఫ్, జెడ్ అక్షరాల వరస కూడా ముఖ్యమే. ఎఫ్ పక్కన ఏముంటే అదే ఆర్కైవ్ పేరు. అలవాటుగా ముందు హైఫన్ పెట్టి సి, ఎఫ్, జెడ్ అని కొడితే జెడ్ అనే పేరుతో కంప్రెస్ కాని ఫైల్ తయారవుతుంది, మనం ఇచ్చిన పేరేమో లేదని టార్ గోల పెడుతుంది. ఎఫ్ ఎప్పుడూ చివర ఉండాలి.

కంప్రెషన్‌కి జీస్టాండర్డ్ తీసుకున్నాం, 10వ స్థాయి, అన్ని కోర్లూ వాడుకునేలా. పేజ్‌మేకర్, కంప్రెస్ చేయని టిఫ్ ఫైళ్లు బాగా తగ్గాయి, జేపెగ్‌లు దాదాపు తగ్గలేదు. మొత్తం మీద 610 జీబీ 430 అయింది. 19వ స్థాయికి వెళ్తే దక్కే కాస్తకి గంటలకి గంటలు పడతాయి, అక్కర్లేదు. టార్ నుంచి పైప్‌లో జీస్టాండర్డ్‌కి పంపేటప్పుడు బాష్‌లో పైప్‌ఫెయిల్ పెట్టుకోవాలి. లేకపోతే టార్ మధ్యలో చచ్చినా పైప్ చివర ఉన్నది సున్నా, అంటే తప్పేమీ లేదని, చెబుతుంది, స్క్రిప్ట్ అంతా బాగుందనుకుంటుంది. టార్ 1 తిరిగిస్తే సాధారణంగా చదువుతుండగా ఏదో ఫైల్ మారిందని అర్థం. 2 అయితే ఏదో గట్టిగా తప్పింది. ఆ 1 రాకూడదనే షాపు కట్టేశాక, సాంబా ఆపి, టీమక్స్ లోపల నడిపాం. టీమక్స్ లేకుండా ఎస్ఎస్‌హెచ్ మీద నడిపితే నెట్ తెగిన క్షణాన పనీ ఆగుతుంది.

సంవత్సరానికి ఒక ఆర్కైవ్ చొప్పున ఇరవై ఫైళ్లు. ఒకే పెద్ద ఫైల్ చేయకపోవడానికి కారణాలున్నాయి. కంప్రెస్ చేసిన టార్‌లో మధ్య ఒక చోట పాడైతే అక్కడి నుంచి చివరిదాకా అనుమానమే, కనీసం నష్టం ఆ ఏటికే పరిమితమవుతుంది. పైగా చివర్లో ఉన్న ఒక్క శుభలేఖ కావాలన్నా మొదటి నుంచి విప్పుకుంటూ వెళ్లాలి. 20 జీబీలో అది నిమిషాల పని, 430లో గంటలు.

ఫాంట్ల సంగతి మర్చిపోతే ఇదంతా వృథా. ఆ కాలం తెలుగు డీటీపీ చాలావరకు ‘అను’ ఫాంట్ల మీదే నడిచింది, అది యూనికోడ్ కాదు. ఫైల్‌లో ఉన్నవి ఆ ఫాంట్‌కే అర్థమయ్యే కోడ్‌లు. ఫాంట్ లేని మెషీన్ మీద తెరిస్తే వంకర టింకర ఇంగ్లీష్ గుర్తులు కనబడతాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, 2001 నాటిది. అందుకే ప్రతి ఏటి ఆర్కైవ్‌లోనూ ఆ ఏడు వాడిన ఫాంట్ ఫైళ్లు పెట్టాం. మళ్లీ మళ్లీ అడిగే మూడొందల పనులకి ఫాంట్లు లోపలే ఉండేలా పీడీఎఫ్‌లూ చేయించాం. పీడీఎఫ్‌లో దిద్దడం కుదరకపోవచ్చు, కనీసం ఏం అచ్చయిందో చూడొచ్చు, మళ్లీ అచ్చు వేయొచ్చు.

ఆర్కైవ్‌లు రెండు 2 టీబీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లకి వెళ్లాయి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు కాబట్టి ఎక్స్‌ట్4 చేశాం. ఎక్స్‌ట్4 మామూలుగా 5 శాతం జాగా రూట్‌కి, అంటే అడ్మిన్‌కి, అట్టిపెడుతుంది, 2 టీబీలో అది 100 జీబీ. ఆర్కైవ్ డ్రైవ్‌కి అక్కర్లేదు, ట్యూన్2ఎఫ్ఎస్‌లో హైఫన్ ఎమ్ సున్నా ఇస్తే తిరిగొస్తుంది.

సరిచూడడంలో జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడ. కాపీ అవగానే అదే డ్రైవ్ మీద చెక్‌సమ్ నడిపితే లినక్స్ చాలావరకు ర్యామ్‌లో దాచుకున్న కాపీనే చదివి సరే అంటుంది. డ్రైవ్ మీద ఏం పడిందో తెలియదు. అన్‌మౌంట్ చేసి, తీగ తీసి, మళ్లీ పెట్టాక నడపాలి. జీస్టాండర్డ్ హైఫన్ టి ఆర్కైవ్ చెక్కుచెదరలేదని చెబుతుంది, అందులో అన్ని ఫైళ్లూ ఉన్నాయని చెప్పదు. అందుకే అసలు పరీక్ష వేరే మెషీన్ మీద చేశాం. ఖాళీ ఫోల్డర్‌లో మొత్తం విప్పి, ముందు తీసిన వేలిముద్రల జాబితాతో షా256సమ్ హైఫన్ సి, క్వయట్ నడిపాం. అన్నీ కలిస్తే అది ఏమీ మాట్లాడదు. 2011-12లో మూడు ఫైళ్లు లేవని వచ్చింది. చూస్తే ఆ మూడింటి పేర్లు జాబితా తీశాక మేమే కుదించాం, జాబితాలో పాత పేర్లే మిగిలాయి. ఆ ఏడాదిది జాబితా నుంచి మళ్లీ చేశాం. చివరగా ఒక్కో ఏడు నుంచి రెండేసి పేజ్‌మేకర్ ఫైళ్లు విండోస్ మెషీన్ మీద తెరిపించి, తెలుగు సరిగా కనబడుతోందా, బొమ్మల లింకులు దొరుకుతున్నాయా అని ఆపరేటర్ చేతే చూపించాం.

అప్పటిదాకా సర్వర్‌లో ఒక్క ఫైల్ కూడా చెరపలేదు. టార్‌కి రిమూవ్-ఫైల్స్ అని ఒక ఆప్షన్ ఉంది, ఆర్కైవ్‌లో వేస్తూ అసలుది తీసేస్తుంది. దాన్ని వాడొద్దని ఎవరికైనా చెబుతాను, అది సరిచూడకముందే తీసేస్తుంది. మేము పాత ఫోల్డర్లని అదే డిస్క్ మీద వేరే చోటికి ఎంవీతో జరిపి, సాంబాకి కనబడకుండా నెల రోజులు ఉంచాం. ఆ నెలలో ఇద్దరు కస్టమర్ల పనులకి పాత లోగోలు కావలసొచ్చి వెనక్కి తెచ్చాం. నెల నిండాకే ఆర్ఎమ్‌తో చెరిపాం.

వెతకడానికి టార్ హైఫన్ టి ఇచ్చే పేర్లన్నీ ఏడాది వారీగా టెక్స్ట్ ఫైళ్లలో సర్వర్ మీదే ఉంచాం. ఇది వేళకి కమాండ్లు నడిపే క్రాన్ నుంచి నడిపితే తెలుగు పేర్ల బదులు 340, 260 అంటూ అంకెలు పడతాయి. క్రాన్‌లో భాష సెట్టింగ్ ఉండకపోవడమే కారణం, స్క్రిప్ట్ మొదట్లో యూటీఎఫ్-8 లొకేల్ పెడితే సరిపోతుంది. గ్రెప్‌కి ఇచ్చే మాటలోనూ జాగ్రత్త కావాలి. మనవాళ్లు పెళ్ళి అనీ రాస్తారు, పెళ్లి అనీ రాస్తారు. ఒత్తు దగ్గర ళ, ల రెండూ చదరపు బ్రాకెట్‌లో పెట్టి వెతికితే రెండూ వస్తాయి. ఫైల్ వెనక్కి తీసేటప్పుడు సూచికలో ఉన్న పేరు ముందున్న చుక్క, గీతతో సహా ఇవ్వాలి, లేకపోతే ఆర్కైవ్‌లో లేదంటుంది. ఎప్పుడూ ఖాళీ ఫోల్డర్‌లోనే విప్పాలి, అదే పేరుతో ఫైల్ ఉంటే టార్ అడక్కుండా దాని మీద రాసేస్తుంది.

రెండు డ్రైవ్‌లలో ఒకటి షాపులో, ఇంకోటి రాజమండ్రిలో యజమానురాలి చెల్లెలి ఇంట్లో ఉన్నాయి. రెండోది సీతమ్మధారలో ఇంట్లోనే పెడదామన్నారు ముందు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు డాబా గార్డెన్స్, సీతమ్మధార అనే తేడా లేదు, ఊరంతా ఒక్కసారే దెబ్బతింది. ఆ మాట అనగానే ఒప్పుకున్నారు. రెండు డ్రైవ్‌లూ గాలి చొరని డబ్బాల్లో సిలికా జెల్ సంచులతో ఉన్నాయి. ప్రతి ఆర్కైవ్ పక్కనా పార్2తో 5 శాతం మరమ్మతు ఫైళ్లు చేసిపెట్టాం. దీనికి మెషీన్ ఇంకో రెండు రాత్రులు తీసుకుంది. చెక్‌సమ్ పాడైందని మాత్రమే చెబుతుంది, పార్2 ఆ మేరకు బాగుచేస్తుంది కూడా.

ఏడాదికోసారి, సంక్రాంతి సెలవుల తర్వాత షాపు తెరిచే ముందు, డ్రైవ్ పెట్టి ఆర్కైవ్‌ల చెక్‌సమ్ నడపాలని డబ్బా మూత మీద రాసి అంటించాం. కొట్టాల్సిన కమాండ్, ఏమీ అచ్చు కాకపోతే బాగున్నట్టే అన్న మాట, చివరిగా నడిపిన తేదీ రాయడానికి గళ్లు, అన్నీ ఆ కాగితం మీదే ఉన్నాయి.